సమానత్వం మంజూరైన వారం

ప్రభుత్వ ఉత్తర్వును కూర్చుని చదవడం భూపతి దృష్టిలో పాపం. సిద్దిపేట ఊరి చివర, విత్తన గోదాముల వెనకాల ఉన్న మూడు గదుల మట్టి పరీక్షల కేంద్రానికి ఆయన సూపరింటెండెంటు. ఆయన ఏలుబడిలో ప్రజలు ఇద్దరే: విశ్లేషకురాలు సుగుణ, విశ్లేషకురాలు భువన. బాలయ్య అనే అటెండరు కూడా ఒకప్పుడు ఉండేవాడు. అతను రిటైరయ్యాక ఆ ఖాళీని నింపమని రాసిన ఫైలు పైకి వెళ్లింది; పైకి వెళ్లినవారిలాగే తిరిగి రాలేదు. రాజ్యం చిన్నదని రాజమర్యాదలు తగ్గించుకునే స్వభావం భూపతిది కాదు. సోమవారం ఉదయం కవరు చించగానే లేచి నిలబడ్డాడు, చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు, కళ్లద్దాలు తుడుచుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

“సుగుణమ్మా, భువనమ్మా, ఇద్దరు ఇటు రాన్రి. కేసు సంగతొచ్చింది.”

సుగుణ చేతిలో చెక్క సుత్తి ఉంది. ఆ రోజు మట్టి వంతు ఆమెది. చింతమడక నుంచి వచ్చిన నల్లమట్టి గడ్డలు నీడలో ఆరి రాళ్లలా బిగుసుకుంటే, గోనెపట్టా మీద పరచి వాటిని మెత్తగా కొడుతోంది. ఈ కేంద్రంలో పని వంతులవారీగా నడిచేది. ఒక రోజు ఒకరు మట్టి దంచి, జల్లించి, గాజు సామాను కడిగితే రెండోవారు యంత్రాల దగ్గర కూర్చుని పరీక్షలు చేసేవారు, మర్నాడు తారుమారు. బాలయ్య వెళ్లిన నాటి నుంచి ఇదే ఇక్కడి రాజ్యాంగం. దాన్ని ఎవరూ రాయలేదు, కాబట్టి ఎవరూ ఉల్లంఘించలేదు.

ఇద్దరి ఉద్యోగానికీ పేరు ఒక్కటే. ఇద్దరి కుర్చీలూ ఒకే వడ్రంగి చేసినవి, ఒకే వైపు ఊగేవి. సుగుణ చదివింది ఇంటర్లో వృత్తివిద్యా కోర్సు. భువన చదివింది రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ. ఆ రెండు పట్టాల మధ్య దూరం నెలనెలా జీతంలో కనిపించేది. ఆ దూరం మీదనే సుగుణ కోర్టుకు వెళ్లింది. పని చూసి తేల్చమని కోర్టు దాన్ని ప్రభుత్వానికే అప్పగించింది. ఆమె అర్జీని దగ్గర కూర్చుని టైపు చేయించింది భువనే.

భూపతి శాసనం చదివినట్టు చదివాడు: “అర్జీదారు శ్రీమతి సుగుణయు, శ్రీమతి భువనయు నిర్వర్తించుచున్న విధులు స్వభావమునందును, బాధ్యతయందును సమానమైనవని పరిశీలనలో తేలినందున, సమాన పనికి సమాన వేతనము అను సూత్రమును అనుసరించి, అర్జీదారు కోరికను మన్నించడమైనది.”

పేజీ అక్కడితో అయిపోయింది. అటువంటి వాక్యం తరువాత కొంత నిశ్శబ్దం పాటించడం న్యాయమని భూపతి ఆగాడు.

భువన వచ్చి సుగుణ చేతిలోని సుత్తిని లాక్కుని బల్ల మీద పెట్టి, ఆమెను గట్టిగా కావలించుకుంది.

“వద్దే, నీ చీరంత మట్టయితది.”

“అయితే అయితది తియ్ అక్కా. గింత మట్టి చూడని చీరనా ఇది?”

“ఆగున్రమ్మా, ఇంకో పేజీ ఉన్నది,” అన్నాడు భూపతి.

“గది సంతకాల పేజీ సార్, ఎప్పుడుండేదేనాయె. ముందు నోరు తీపి చేసుకుందాం.” భువన అప్పటికే స్కూటీ తాళాలు తీసింది.

ఆమె మిఠాయి తేవడానికి వెళ్లినంత సేపూ సుగుణ కుర్చీలో కూర్చుని తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూసుకుంది. గోళ్ల సందుల్లో నల్లమట్టి. స్టీలు సామాను దుకాణంలో ఉన్న భర్త రాజలింగానికి ఫోను చేసింది. ఆయన ఎవరిదో పెళ్లి బిందె మీద పేరు చెక్కుతున్నాడు. యంత్రం రొద ఆగింది.

“గెలిచినమా?”

“గెలిచినమట.”

మాట పూర్తికాక ముందే ఆయన పక్క దుకాణం వాడిని కేకేయడం వినిపించింది. సుగుణ ఫోను పెట్టేసి, కొంత సిగ్గుపడుతూ భూపతిని అడిగింది: “సార్, గా సమానమైనవి అన్న ముక్క ఇంకొకసారి సదువుతరా?”

భూపతి మళ్లీ లేచి చదివాడు. ఆమె తల వంచుకుని విన్నది.

కలాకండ్ పొట్లం వచ్చింది. తలా ఒక ముక్క చేతికి అందాక, విందులో మంగళాశాసనం పలికినట్టు భూపతి రెండో పేజీ అందుకున్నాడు.

“ఇంటర్మీడియట్ అర్హత గల అర్జీదారు సమస్త పరీక్షలను సంతృప్తికరముగా నిర్వహించుచుండుట పరిశీలనాధికారి స్వయముగా చూచియున్నారు. అదే సమయమున ఎమ్మెస్సీ అర్హత గల ఉద్యోగిని మట్టి దంచుట, సీసాలు కడుగుట యందు నిమగ్నమైయుండుటను కూడ చూచియున్నారు. కావున ఈ పదవికి ఉన్నత విద్యార్హత వేతన శ్రేణి అనవసరమని తేలినది. శ్రీమతి భువన వేతనమును తగ్గించి, అర్జీదారు వేతనముతో సమానము చేయవలెను.”

సమానత్వం రెండు దారుల్లో రావచ్చు: కిందివారిని మెట్లెక్కించి, లేదా పైవారిని మెట్లు దించి. ఖజానాకు మోకాళ్ల నొప్పులు. దిగే దారినే ఎంచుకుంది.

పోయిన నెల ఆ అధికారి వచ్చిన రోజున యంత్రాల వంతు నిజానికి భువనది. “ఇయ్యాల మిషిన్ల కాడ నువ్వు కూసో అక్కా. నీ పని సారు కండ్లార చూడాలె,” అని తానే సుత్తి అందుకుంది. అధికారి ఉన్నంత సేపూ మట్టి దంచింది, సీసాలు కడిగింది, చివరకు ఆయనకు చాయ్ కూడా తెచ్చి ఇచ్చింది. ఆమె ఔదార్యంలో ఎక్కడా లోపం లేదు. అందుకే ఉత్తర్వులోనూ ఎక్కడా లోపం లేదు.

భువన చేతిలోని ముక్కను తిరిగి పొట్లంలో పెట్టి, వేళ్లు కొంగుకు తుడుచుకుంది.

“మళ్ల చదువున్రి సార్.”

భూపతి చదివాడు.

“ఇంకోసారి.”

మూడోసారి ఆయన కూర్చుని చదివాడు.

*

మంగళవారం మట్టి వంతు భువనది. ఎప్పటిలాగే వచ్చి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, గోనెపట్టా ముందు కూర్చుంది. దంచిన మట్టిని గుండ్రంగా పరచి, వేలితో అడ్డంగా నిలువుగా గీత గీసి నాలుగు భాగాలు చేసింది. ఎదురెదురు భాగాలు రెండు ఉంచి, మిగతా రెండు పారబోయాలి. మిగిలినదాన్ని మళ్లీ కలిపి, మళ్లీ నాలుగు చేసి, మళ్లీ రెండు పారబోయాలి. చివరకు దోసెడు మిగులుతుంది. ఆ దోసెడు మట్టి ఆ పొలమంతటి తరఫునా సాక్ష్యం చెబుతుంది. పారబోసిన దానికి ఏ కోర్టూ లేదు.

లోపలి గదిలో సుగుణ కర్బన పరీక్ష చేస్తోంది. ఒక మట్టిలో ఎంత ఆకు, ఎంత వేరు, ఎంత పేడ కలిసిపోయిందో చెప్పే పరీక్ష అది. ఆమ్లంలో ఉడికిన మట్టినీళ్లు సీసాలో చిక్కటి ఊదారంగుతో ఉంటాయి. పైన నిలువుగా బిగించిన గాజుగొట్టం నుంచి మందు చుక్కచుక్కగా పడుతుంది. ఎడమచేయి కుళాయి మీద, కుడిచేయి సీసాను గుండ్రంగా తిప్పుతూ ఉంటుంది. ఊదా నీలమవుతుంది, నీలం మసకబారుతుంది, ఆపైన ఒకే ఒక్క చుక్కకు సీసా అంతా పచ్చగా విచ్చుకుంటుంది. ఆ క్షణంలో కుళాయి మూయాలి. మూయకపోతే చూసేవారికి తప్పేమీ కనపడదు. ఎంత పోసినా ఆ పచ్చ పచ్చగానే ఉంటుంది. ఎక్కువ పడిన ప్రతి చుక్కకూ కాగితం మీద ఆ పొలం అంత పేదదవుతుంది, అంతే.

సుగుణ మూసింది. ఇన్నేళ్లలో ఆమె ఎడమచేయి ఆ చుక్క దగ్గర ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. ఈ సంగతి ఆ కేంద్రంలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. భువనకు తెలుసని ఆమె అనుకునేది.

వాకిట్లో రాయపోల్ నుంచి వచ్చిన దుబ్బయ్య అనే రైతు మట్టి సంచి దింపుతూ భూపతితో తగువు పెట్టుకున్నాడు.

“సారూ, గెట్టుకు ఇటు నాది, అటు మా తమ్మునిది. ఒక్కటే చెల్క, ఒక్కటే మట్టి. గాని వానికి బలమున్నదని రాసిన్రు, నాకు లేదని రాసిన్రు. నడుమ గెట్టు పెట్టింది మా నాయిన, మట్టికేం తెలుసు సారూ?”

“నువ్వు పేడ ఎయ్యలే, నీ తమ్ముడు ఏసిండు. గదీ తేడా.”

“ఏసుడు ఏసిండు. గాని మట్టి ఒక్కటే గదా?”

“ఒక్కటే.”

“మరి ఒక్కటైతే ఒక్కతీరు రాయాలె గదా?”

“దుబ్బయ్యా, నువ్వు కోర్టుకు పోకు,” అన్నాడు భూపతి అలసటగా. “పోతే నీ తమ్మునికి గూడ బలం లేదని రాస్తరు.”

గోనెపట్టా దగ్గర భువన నవ్వింది. కిటికీలోంచి ఆ నవ్వు విని సుగుణకు గుండె కాస్త తేలికైంది. ఆ వెంటనే భువన ఫోను మోగింది. ఆమె లేచి వేపచెట్టు కిందికి వెళ్లి మాట్లాడింది. గాలి ఇటే వీస్తోంది.

“బ్యాంకోల్లకు ఏం చెప్పినవ్?... కొత్త జీతం చిట్టీ ఇస్తేనే ముంగటికట... మేస్త్రీకి ఒక్క వారం ఆగుమని చెప్పు... తెలుసు, కర్రలు పీక్కపోతమంటున్నరని తెలుసు... నువ్వు పిల్లల ముంగట అనకు.”

రోడ్డు వెడల్పు చేసినప్పుడు భువన భర్త శ్రీవర్ధన్ బట్టల దుకాణం ముందు సగం పోయింది. వెనక సగానికి బేరగాళ్లు రావడం మానేశారు. కొత్త కాలనీలో ఇల్లు గోడల దాకా లేచి, పైకప్పు కోసం నిలబెట్టిన కర్రల మధ్య ఆగి ఉంది. గృహప్రవేశానికి ఏ రంగు చీర కట్టుకోవాలో కూడా సుగుణకు చెప్పి ఉంది భువన.

మధ్యాహ్నం భూపతి ఆక్షేపణ పత్రం రాయడానికి కూర్చున్నాడు. ఉత్తర్వు వినడానికి ఎంత నిష్ఠో, దాన్ని తిరగదోడడానికీ ఆయనకు అంతే నిష్ఠ.

“పోయిన నెలొచ్చిన శైలేందర్ సారు గురువారం ఇటే ఏదో పెండ్లికి వస్తుండట. పనిల పని మన ఆక్షేపణ ఇంటడట. నీ పేరు మీద రాస్తున్న, ఇను భువనమ్మా. ‘అర్జీదారునకు పరీక్షల యందు తగిన నైపుణ్యము లేదు. నేను లేని యెడల—’”

“గది కొట్టెయ్యున్రి సార్.”

“కొట్టేస్తే ఇగ మిగిలేది నమస్కారమే.”

“నమస్కారమే పంపున్రి.”

“అమ్మా, నా మాటిను. పని ఒక్కటే అన్నవో, జీతం ఒక్కటే. తేడా ఉన్నదని ఎవలో ఒకలు చూపెట్టాలె. లేకుంటే దేవుడొచ్చినా నీ జీతం తిరిగి రాదు.”

“అక్క పని, నా పని ఒక్కటే. ఆమె సంగతి నాకు తెల్వదా? ఇల్లు ఆగితే ఆగుతది. పొట్టకోసం గంత అబద్ధం రాయ.”

లోపల సుగుణ వడపోత కాగితం మడుస్తోంది. సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి, గరాటులో పెట్టడం మరిచిపోయి, అలాగే చేతిలో పట్టుకుని నిలబడింది.

*

బుధవారం సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లకుండా నేరుగా దుకాణానికి వెళ్లింది. రాజలింగం పళ్లేల దొంతర మధ్య కూర్చుని, గల్లాపెట్టె మీద మిగిలిన లడ్డూల పెట్టెను కొనుగోలుదార్లకు ఇంకా పంచుతూనే ఉన్నాడు. విజయోత్సవాలు ఆపే విధానం ఆయనకు తెలియదు.

“ఇగ పంచకు,” అంది సుగుణ.

ఉత్తర్వు రెండో పేజీలో ఏముందో చెప్పింది. ఆయన గంట్లు పడ్డ పాత్రను చూసినట్టు ఆమెను అటూ ఇటూ చూశాడు.

“అంటే గెలిచినట్టా, ఓడినట్టా?”

“గెలిచినట్టే.”

“మనకేమొచ్చింది?”

“ఏం రాలే. ఆమెది పోయింది.”

“గిదేం గెలుపే? పక్కింటోని దీపం ఆర్పితే మనింట్ల ఎలుగొచ్చినట్టా?” ఆయన లడ్డూల పెట్టె మూత పెట్టాడు. “కేసు వాపస్ తీస్కో.”

“తీస్కున్నా ఆమెది రాదు. నేను పని చెయ్యంగ ఆ సారు చూసిండు. చూసింది రాసిండు. ఇగ నేను చెయ్యలేననేది గూడ ఆయనే చూడాలె.”

ఆమె మాట ఎటు పోతోందో ఆయనకు అప్పుడు అర్థమైంది.

“సుగుణా, ఆ పచ్చరంగు సంగతి నువ్వు ఇంట్ల ఎన్నిసార్లు చెప్పినవో నాకే లెక్కలేదు. ఒక్క చుక్క తప్పలే అని సుట్టాలందరికి చెప్తివి.”

“చెప్పిన.”

“మరి?”

“భువన నా గురించి అబద్ధం రాయనన్నది,” అంది సుగుణ. “ఆమె ఆ మాట అనకపోతే నేను ఊకుందునేమో.”

ఆయన గ్లాసుల దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు.

*

గురువారం యంత్రాల వంతు సుగుణది. శైలేందర్ పెళ్లిభోజనం చేసి, పట్టుచొక్కా మీద అక్షింతలు రెండు అతుక్కుని ఉండగా వచ్చాడు. ఆయన దుర్మార్గుడు కాడు. ఈ కథకు అదొక పెద్ద ఇబ్బంది. హైదరాబాదు నుంచి వచ్చే అధికారుల్లో తన సంచి తానే మోసుకునే అరుదైన జాతి. చదివింది చరిత్ర. మట్టి గురించి తనకేమీ తెలియదని మొదటే ఒప్పుకునేంత నిజాయితీ ఉంది. తెలియకపోయినా తీర్పు చెప్పక తప్పదనేంత కర్తవ్యదీక్షా ఉంది.

“చూడండమ్మా భువన గారు, నేను కండ్లతో చూసిందే రాసిన. మీరు ఆక్షేపణల ‘నమస్కారం’ తప్ప ఏం రాయలేదు. మీ ఇద్దరి పనిల తేడా ఉన్నదంటరా, లేదంటరా?”

భువన నేల చూసింది. “నేను చెప్పేదేం లేదు సార్.”

“తేడా ఉన్నది సార్,” అంది సుగుణ.

భూపతి కళ్లద్దాలు తీశాడు. భువన చటుక్కున తలెత్తి, వద్దన్నట్టు కనుబొమలు ముడిచింది.

“అప్పుడు మీరొచ్చిన్నాడు అన్ని ముందే సదిరి పెట్టుకున్నం. ఇయ్యాల మళ్ల చేస్త, చూడున్రి.”

శైలేందర్ కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. సుగుణ మట్టి తూచింది. మందు పోసింది, ఆమ్లం పోసింది. సీసా వేడెక్కి చల్లారే దాకా ఆగాలి. ఆ లోపు భూపతి పెళ్లిలో వంటలు ఎట్లా ఉన్నాయని అడిగాడు, బగారన్నం బాగుందని తెలిసింది. ఆమె నీళ్లు పోసి, రంగు చూపే సూచిక కలిపింది. ఊదారంగు దిగింది. గాజుగొట్టం కింద సీసా పట్టి, ఎడమచేయి కుళాయి మీద వేసింది.

ఊదా నీలమైంది. నీలం మసకబారింది. ఆమె వేళ్లు అలవాటు చొప్పున బిగుసుకున్నాయి. ఆ తర్వాతి చుక్క ఏదో వాటికి ముందే తెలుసు. ఆ చుక్క పడింది. సీసా పచ్చగా విచ్చుకుంది.

మూయలేదు.

ఇంకొక చుక్క, మరొకటి, ఆ తర్వాత సన్నటి ధార. కుడిచేయి సీసాను అంతే శ్రద్ధగా తిప్పుతోంది. ఎడమచేయి మూయబోయింది, దాన్ని ఆపడానికి ఆమెకు సుత్తి పట్టినంత బలం కావలసి వచ్చింది. చివరకు మూసి, సీసా ఎత్తి అధికారికి చూపించింది.

“బాగున్నది,” అన్నాడు శైలేందర్. “మంచిగ పచ్చగ వచ్చింది. పోయినసారీ గిట్లనే వచ్చింది గదా?”

చరిత్రలో అనేక త్యాగాలు గుర్తింపు లేక పోయాయని ఆయన చదువుకున్నాడు గానీ, అటువంటిది ఒకటి తన మోకాలికి జానెడు దూరంలో జరుగుతుంటే కనిపెట్టే పద్ధతి ఏ పాఠంలోనూ లేదు. “తృప్తికరము” అని రాసుకుని, కలం మూత పెట్టాడు.

సుగుణ సీసా పట్టుకుని అలాగే నిలబడింది. చేతితో చేయగలిగింది నోటితో ఒప్పుకోలేకపోయింది. భువన వైపు చూసింది. భువన కళ్లు గాజుగొట్టం మీద, అందులో మందు ఎంత దిగిందో ఆ గీత మీద ఉన్నాయి. శైలేందర్ సంచి భుజానికి వేసుకున్నాడు. గడప దాటబోతున్నాడు.

“సార్,” అంది భువన. ఆ గొంతు ఆమెది కానట్టుంది. “దాటిపోయింది సార్.”

“ఏంది దాటింది?”

“పచ్చ వచ్చినంక ఆపాలె. అక్క ఆపలే. గిట్లయితే మంచి మట్టి గూడ బలం లేనిదానిలెక్క వస్తది.”

శైలేందర్ తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు నిజంగా శ్రద్ధగా చూశాడు. “ఏమ్మా సుగుణ గారు, ఇట్ల ఎప్పుడన్న అయితదా?”

“అయితది సార్,” అంది సుగుణ.

“తరచుగానా?”

ఆమె అవునన్నట్టు తల ఊపింది.

భువనను చేసి చూపించమన్నాడు. ఆమె ఇంకొక సీసా తీసుకుంది. పచ్చ విచ్చుకున్న చుక్క దగ్గర కుళాయి మూసింది. రెండు సీసాలనూ పక్కపక్కన పెడితే రెండూ పచ్చగానే ఉన్నాయి. శైలేందర్ ఒకదాన్నీ మరొకదాన్నీ చాలాసేపు చూసి, తేడా తనకు కనపడకపోయినా, ఉన్నదని రాశాడు. భువన పాత శ్రేణి కొనసాగించవచ్చునని, సుగుణను ఇకపై మట్టి దంచుట, కడుగుట వరకే నియోగించవలెనని, తద్వారా అటెండరు ఖాళీ కూడా తీరినట్టేనని ఒక్క పేజీలో ముగించాడు. ఇంత సమర్థమైన పేజీ ఆ కేంద్రం చరిత్రలో లేదు. భూపతి దాన్ని నిలబడి అందుకోలేదు.

శైలేందర్ వెళ్లాక భువన బల్లకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సుగుణ వెళ్లి వీపు మీద చేయి వేసింది. ఏమే, ఏడుస్తవెందుకు, నేను కావాల్ననే చేసిన అని చెప్పడానికి మాటలు వెతుక్కుంటోంది. అంతలో భువనే తల తిప్పి, ఆమె చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“నన్ను మాఫ్ చెయ్యి అక్కా. చెప్పక తప్పలే. రైతుల పొలాలాయె.” ఆమె కళ్లలో జాలి స్వచ్ఛంగా ఉంది, కపటం వెతికినా దొరకదు. “నువ్వు కండ్ల డాక్టరుకు చూపిచ్చుకో. వయసైతుంటే రంగులు తెల్వయి. మా అత్తమ్మకు గూడ గిట్లనే అయింది.”

సుగుణ నోరు తెరిచింది.

“ఎన్నొద్దుల సంది గిట్లున్నదక్కా? నాకన్న చెప్పకపోతివి.”

సుగుణ నోరు మూసుకుంది. కాసేపటికి, “ఈ నడుమనే,” అంది.

*

శుక్రవారం సుగుణ వచ్చేసరికి భువన ముందే వచ్చి ఉంది. పైకప్పు పని మళ్లీ మొదలైందని, మేస్త్రీ పొద్దున్నే వచ్చాడని చెప్పింది. చెబుతూ సంతోషపడటానికి సిగ్గుపడింది. సుగుణ మంచిదంది. మట్టి వంతు ఆ రోజు ఎలాగూ తనదే కనుక, ఏదీ మారలేదన్నట్టు కొంగు దోపుకుని వాకిట్లోకి నడవబోయింది.

“అక్కా.”

“ఆఁ.”

భువన బల్ల మీద కడిగిన ఖాళీ సీసాలు వరసగా పెట్టి ఉంది. వాటిని అటూ ఇటూ జరుపుతూ అడిగింది: “పోయిన వారం నువ్వు చేసిన మట్లు ఏ అరల ఉన్నయ్? రైతులకు కాగితాలు ఇంక పోలే గదా. ఊకెనే, ఒకసారి చూస్త. నీ మీద మాట రావద్దని.”

సుగుణ లోపలికి వెళ్లింది. అరలోంచి ఒక్కొక్క పొట్లమే దించి, భువన చేతికి అందేటట్టు బల్ల మీద పేర్చింది. ఊరి పేర్లు కనపడేలా తిప్పి పెట్టింది. తర్వాత వాకిట్లోకి వెళ్లలేదు, గోడ దగ్గర నిలబడింది.

భువన మొదటి పొట్లం విప్పి తూచింది, పోసింది, ఆగింది. ఊదారంగు దిగింది. గాజుగొట్టం నుంచి చుక్కలు పడసాగాయి. నీలం, మసక, పచ్చ. ఆమె కుళాయి మూసి, గీత చూసి, సుగుణ రాసిన అంకెను వేలితో వెతికి పట్టుకుంది. రెంటినీ పోల్చింది. ముఖం విప్పారింది. పరీక్ష తప్పుతాడనుకున్న పిల్లవాడు గట్టెక్కితే పెద్దవాళ్లు నవ్వినట్టు, మనస్ఫూర్తిగా నవ్వింది.

“గిదైతే కరెక్టే వచ్చిందక్కా,” అంది.

అని, రెండో పొట్లం విప్పింది.